నీళ్లలో తేలిన నూనె

ఎలీషాని ఎవరు చూసినా జాలిపడతారు. తల వంచుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడతాడు. అడిగితే తప్ప మాట్లాడడు. పాపం మెత్తని మనిషి అంటారు. ఆ మెత్తదనమే నా కొంప ముంచింది. నా చెల్లెలు వీరమ్మకి మొగుడు కాబట్టి ఇన్నాళ్లూ నోరు కట్టుకుని ఉన్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, నాకు తిప్పి రాయడం చేతకాదు. చెంచయ్య నన్ను ముంచాడంటే అందులో వింతేముంది, తేలు కుట్టక ముద్దు పెట్టుకుంటుందా? నా కడుపుమంటంతా ఎలీషా మీదే.

చెంచయ్య గోదాం గేటుకి లోపలినుంచి తాళం పడిన చోట పోయినవారం ఆపాను. మధ్యలో అందుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోతాను.

చెంచయ్యది సత్తెనపల్లిలో మిర్చి వ్యాపారం. ఆయన పికప్ బండికి ఎలీషా డ్రైవరు. ఆ బండికి సోమవారం నా షెడ్డులో వెనక బ్రేకు లైనర్లు కొత్తవి వేశాను. గురువారం పొద్దున నలభై మిర్చి టిక్కీలతో, అంటే బస్తాలతో, గుంటూరు యార్డుకి పోతూ ఉంటే, నల్లపాడు దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రాల్లోంచి పొగ లేచింది. తొక్కితే బ్రేకు పెడలు నేలకి దిగిపోయింది. బండి పోయి రోడ్డు పక్క కాలవలో పడింది. ఎర్రగా నిగనిగలాడే కాయంతా మురికినీళ్లలో నాని ధర పలకని తాలు కింద పోయింది. టిక్కీల మీద కూర్చున్న హమాలీ సుభానీకి నడుం విరిగింది.

శుక్రవారం చెంచయ్య ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. తప్పు మెకానిక్‌దని తేలితే నా చేను రాసివ్వాలి. డ్రైవరుదని తేలితే పోలీసులకిచ్చే కాగితంలో ఎలీషా పేరు ఎక్కుతుంది. ఆ కాగితం ముందే రాయించి పెట్టాడు. పేరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ వదిలాడు. మా ఇద్దరిలో ఒకడిదే తప్పని అందరూ ఖాయం చేసుకున్నారు. మూడో మనిషి సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

శనివారం పదకొండు గంటలకి ఎండ అప్పుడే నెత్తి మాడుస్తోంది. గోదాంలో కాయ తొక్కుతున్నారు కాబోలు, గాలంతా కారం. తుమ్మనివాడు లేడు. ఆవరణ మధ్యలో పికప్ బండి వెనక భాగం జాకీల మీద లేపి ఉంది. దాని చుట్టూ హమాలీలు, గుమాస్తాలు, రోడ్డు మీద పోతూ పోతూ దూరిన మరో పది మంది. లోపలికి రానిచ్చినవాళ్లని బయటికి పోనివ్వడం లేదు. "తేలేదాకా ఎవరూ కదలొద్దు" అని చెంచయ్య గేటు దగ్గర మనిషిని పెట్టాడు. నా పనిముట్ల పెట్టె కూడా ఆవరణలోనే ఉన్న ఆయన ఇంటి వరండాలో ఉంది.

"ఏరా సంజీవూ" అన్నాడు చెంచయ్య, పడక్కుర్చీలోంచి లేవకుండానే. "బ్రేకులు వేశావా, దోసెల పెనం వేశావా? పిండి పోస్తే చుయ్‌మనేదంటగా."

హమాలీలు నవ్వారు. నవ్వకపోతే రేపు కూలి ఉండదు, వాళ్లనేం అంటాను.

"విప్పితే తెలుస్తుంది చెంచయ్యగారూ. పానా ఇప్పించండి, మీ అందరి ముందే విప్పుతాను."

"నువ్వు విప్పితే బండి నీ పాటే పాడుతుంది. అందుకే గుంటూరునుంచి కరీముల్లా సాయిబుని పిలిపించా. నీ గురువేగా? గురువు చెప్పిన మాటకి శిష్యుడు వంకలు పెట్టడుగా?"

కరీముల్లా సాయిబుగారి దగ్గర పద్దెనిమిదేళ్ల వయసులో రెండేళ్లు పనిచేశాను. లారీ ఇంజను పక్కనుంచి నడిచి వెళితే చాలు, దాని రోగం చెప్పే మనిషి. ఆయన ఆటో దిగి వచ్చి నాకేసి చూడలేదు, పలకరించలేదు. కాఫీ ఇస్తే వద్దన్నారు. లుంగీ ఎగ్గట్టి, బండి చుట్టూ ఒక్కసారి తిరిగారు. ముందు చక్రాలు చూశారు, వెనక్కి వచ్చి డ్రమ్ములు రెండూ తడిమారు.

"వెలుతురు రానివ్వండయ్యా, నామీద పడకండి" అన్నారు. తర్వాత పెద్దమనుషుల వైపు తిరిగారు. "ముందు చక్రాలకి ఏమీ కాలేదు. వెనకవి రెండూ నీలం తిరిగాయి. ఒక్క చక్రమే కాలితే రోగం ఆ చక్రంలో ఉంటుంది. రెండూ ఒకే తీరుగా కాలాయంటే ఆ రెండింటికీ కలిసి వచ్చే దారిలో ఉంటుంది."

"హ్యాండ్ బ్రేకు దించకుండా తోలాడేమో" అన్నాడు నీలం కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి. "ఈ డ్రైవరు నా కొడుకులకి అది మామూలే."

ఎలీషా బానెట్ పక్కన నిలబడి ఉన్నాడు. మెడ ఇంకాస్త కిందికి దిగింది.

"చూద్దాం" అని సాయిబుగారు వెనక చక్రం చేత్తో తిప్పబోయారు. కదల్లేదు. బండి కిందికి దూరి హ్యాండ్ బ్రేకు కేబుల్ ఊడదీశారు. మళ్లీ తిప్పారు. అప్పుడూ కదల్లేదు. "హ్యాండ్ బ్రేకు పని కాదిది. రాసుకోండి."

తర్వాత చక్రం వెనక, బ్రేకు గొట్టంలో గాలి తీయడానికి ఉండే నిపిల్‌కి పానా పెట్టి అరచుట్టు విప్పారు. నూనె సర్రున చిమ్మి ఆయన చొక్కా మీద పడింది. ఆ క్షణంలోనే చక్రం వదిలింది. వేలితో తోస్తే గిర్రున తిరిగింది. నిపిల్ బిగించారు.

"ఏం పేరయ్యా నీది? ఎలీషానా? ఎక్కి బ్రేకు ఒక్కసారి తొక్కు. తొక్కి కాలు తీసెయ్."

ఎలీషా ఎక్కి తొక్కాడు. సాయిబుగారు చక్రం పట్టుకుని ఊపారు. గోడలా ఉంది.

"కాలు తీశావా?"

"తీశానండి."

"నువ్వు తీశావు గానీ బండి తీయలేదు" అన్నారు ఆయన. "తొక్కినప్పుడు నూనె పోయి చక్రాన్ని పట్టుకోవాలి. కాలు తీస్తే వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఇక్కడ పోయింది పోయినట్టే లోపల ఇరుక్కుపోయింది. తొక్కినప్పుడల్లా ఇంకాస్త పట్టేస్తుంది. అలా పట్టుకున్న బ్రేకుతోనే నల్లపాడుదాకా ఈడ్చారు. వేడికి నూనె మరిగింది, పెడలు దిగిపోయింది."

బుధవారం మధ్యాహ్నం ఎలీషా నా షెడ్డుకి సైకిలు మీద వచ్చి, "కొత్త లైనర్లు వేస్తే బండి బరువుగా లాగుతుందా బావా?" అని అడిగాడు. లైనర్లు రెండ్రోజులు రాసుకుంటాయి, సర్దుకుంటాయి పొమ్మన్నాను. బండి తెమ్మని ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. అది అప్పుడు గుర్తొచ్చింది. నా బిగింపే ఎక్కువైందా? స్ప్రింగు ఏదైనా తిరగేసి పెట్టానా? ఇరవై ఏడేళ్లుగా చేస్తున్న పని, కళ్లు మూసుకుని చేయగల పని, ఆ గంట మాత్రం నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

సాయిబుగారు డ్రమ్ములు రెండూ లాగించారు. లైనర్లు మాడి గాజులా మెరుస్తున్నాయి. ఒక్కొక్క స్ప్రింగూ వేలితో మీటి చూశారు.

"లైనర్లు సరిగ్గా కూర్చున్నాయి. స్ప్రింగులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. బిగింపులో తేడా లేదు." అప్పుడు మొదటిసారి నాకేసి చూశారు. "చక్రాల దగ్గర నీ పనికి వంక లేదు."

నా గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. కానీ ఆ నీలం కళ్లద్దాల పెద్దమనిషి ఊరుకోడుగా. "మరి ఎక్కడుంది సాయిబూ రోగం? మధ్యలో రబ్బరు గొట్టం ఉందిగా, అది పూడుకుపోయిందా?"

"అదీ చూద్దాం." డ్రమ్ములు తిరిగి ఎక్కించి, ఎలీషా చేత మళ్లీ తొక్కించారు, చక్రం పట్టేసింది. ఈసారి ఆయన వెనక్కి పోలేదు. ముందుకి వచ్చి, బానెట్ ఎత్తి, పెడలు తొక్కితే నూనెని తోసే మాస్టర్ సిలిండర్ మూతి దగ్గరే పైపు నట్టు వదులు చేశారు. వెనకనుంచి ఒక హమాలీ "వదిలిందండోయ్" అని అరిచాడు. "ఇక్కడ విప్పితే అక్కడ వదిలింది. అంటే దారి మధ్యలో ఏ అడ్డమూ లేదు. తలుపు ఈ గదిలోనే మూసుకుంది."

సిలిండర్ ఊడదీసి గోనెపట్టా మీద పెట్టారు. లోపలి కడ్డీ లాగితే సగం వచ్చి ఆగింది. పట్టుకారుతో లాగాల్సి వచ్చింది. దాని చివర ఉండే రబ్బరు కప్పు కనబడింది. రాత్రంతా నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది. నూనె వెనక్కి వచ్చే సన్నటి రంధ్రాన్ని ఆ ఉబ్బిన రబ్బరే మూసేసింది.

సాయిబుగారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. వాసన చూసి కళ్లు చిట్లించారు. "రెండు గాజుగ్లాసుల్లో నీళ్లు తెప్పించండి."

"దాహమా?" అన్నాడు చెంచయ్య.

"మీకు చూపించడానికి."

సిలిండర్ మీద బ్రేకు నూనె పోసే తొట్టికి మధ్యలో అడ్డుగోడ ఉంటుంది. ముందు చక్రాలకి ఒక గది, వెనక చక్రాలకి ఒక గది. ముందు గదిలోంచి చెంచాడు తీసి మొదటి గ్లాసులో పోశారు. పంచదార కరిగినట్టు నీళ్లలో కలిసిపోయింది. వెనక గదిలోంచి తీసి రెండో గ్లాసులో పోశారు. అది కలవలేదు. పచ్చటి పొరలా పైన తేలి, ఎండకి మిలమిలా మెరిసింది. అందరూ ముందుకి వంగి చూశారు.

"బ్రేకు నూనె నీళ్లలో కలుస్తుంది. ఇది తేలింది. మిరపతోటలో, పత్తిచేలో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరు ఉంటుంది చూశారూ, దాని పెట్రోల్లో కలుపుకునే నూనె ఇది. బ్రేకు రబ్బరుకి ఇది విషం. రెండ్రోజుల్లో ఉబ్బిపోతుంది." ఆయన నడుం పట్టుకుని లేచారు. "వెనక గదిలో ఎవడో దీన్ని పోశాడు. ఎవడు పోశాడో చెబితే తప్పు ఎవడిదో తేలినట్టే. బండిలో డబ్బా ఏమైనా ఉందేమో చూడండి."

డ్రైవరు సీటు కిందనుంచి గుమాస్తా ఒక డబ్బా తీశాడు. దాన్ని చూడగానే గుర్తుపట్టాను.

అది బ్రేకు నూనె డబ్బా. మూత మీద మేకుతో పొడిచిన రెండు చిల్లులు, వాటిలో వేపపుల్ల బిరడాలు. ఆ చిల్లులు నేను పొడిచినవే. మా వైపు పొలం మనుషులకి గట్టి డబ్బా కనబడితే వదలరు. చేలోకి నూనె తీసుకుపోవడానికి, నలుగురు కూలీలకి కాఫీ పట్టుకుపోవడానికి కూడా వాడతారు. నా షెడ్డులో ఖాళీ అయిన ప్రతి డబ్బాకీ చిల్లులు పొడిచి, బిరడాలు కొట్టి, అడిగినవాళ్లకి ఇచ్చేవాణ్ని. సంక్రాంతి వెళ్లిన వారానికి ఒకటి వీరమ్మ పట్టుకెళ్లింది. వాళ్లు కౌలుకి చేస్తున్న రెండెకరాల పత్తికి స్ప్రేయరు నూనె అందులోనే పోసిపెట్టుకుంది. మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఎలీషా వంక చూశాను. నేల చూస్తున్నాడు. పెదాలు తెల్లబడిపోయాయి. ఇంకేం కావాలి నాకు? నూనె తగ్గిందని ఇంటి దగ్గర బండి ఆపి ఉంటాడు. డబ్బా మీద బొమ్మ చూసి, లోపల పోసింది మరిచిపోయి వీరమ్మే అందించి ఉంటుంది. అక్షరం ముక్క రాని మనిషి, బ్రేకు నూనె అనుకునే పోసి ఉంటాడు. ఇప్పుడు ఆ ఖాళీలో వాడి పేరు రాస్తారు. సుభానీ లేచి నడవకపోతే జైలు కూడా. ఇద్దరు పిల్లలతో నా చెల్లెలు నా గుమ్మంలో కూర్చుంటుంది.

"ఎవరిదిరా ఈ డబ్బా?" అన్నాడు చెంచయ్య.

నేను రెండు ఊపిర్లు ఆగాను. ఎలీషా చెబుతాడేమో అని ఆగాను. వాడు చెబితే నేను కాదనేవాణ్ని, అది వేరే సంగతి. కానీ వాడు చెప్పాలిగా. తల ఎత్తలేదు.

"నా షెడ్డుదే" అన్నాను. "సోమవారం గాలి తీశాక నూనె పోసింది నేనే. డబ్బా చూసుకోలేదు."

ఎవరో తుమ్మారు.

కరీముల్లా సాయిబుగారు దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించారు. "ముందు గదిలో మంచి నూనె, వెనక గదిలో ఇది. రెండూ ఒకేసారి పోసిన చెయ్యే అయితే ఇలా ఎలా అవుతుందిరా?"

"డబ్బా మారిందండీ."

"వాసనైనా చూడకుండా పోశావా? నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా?"

"పొరపాటైంది."

"అబద్ధం చెప్పడం కూడా నా దగ్గర నేర్చుకోలేదు నువ్వు." నా కళ్లలోకి చూసి, ఇక లాభం లేదనుకున్నారేమో, పక్కకి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. ఆ మాటే గట్టిగా అందరిలో అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆయనా అనలేదు. ఆ రోజు ఆ ఆవరణలో గట్టిగా మాట్లాడినవాడు చెంచయ్య ఒక్కడే.

"మగాడివిరా. ఒప్పుకున్నావు" అన్నాడు చెంచయ్య. ఆయన మొహంలో కోపం కనబడలేదు. పెద్ద బరువేదో దిగిపోయినవాడిలా ఒళ్లు విరుచుకున్నాడు. అప్పుడు నాకు అనుమానం రావాలి. రాలేదు.

చేను రాసిచ్చే కాగితం తెచ్చారు. నీలం కళ్లద్దాల పెద్దమనిషి హద్దులు చదివాడు. తూర్పు డొంక, పడమర వాగు, ఉత్తరం నా పెదనాన్న కొడుకుల చేను, దక్షిణం చెంచయ్యగారి తోట. దక్షిణం మాట వచ్చినప్పుడు చెంచయ్య గొంతు సవరించుకున్నాడు. ఏడో తరగతిదాకా నేర్చుకున్న అక్షరాలు ఆ రోజు పనికొచ్చాయి. బొటనవేలు చాలురా అన్నారు, నేను మాత్రం పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. మా నాన్న రెక్కలు ముక్కలు చేసుకుని కొన్న చేను, వేలిముద్రతో పోవడం నాకిష్టం లేకపోయింది.

పెద్దమనుషులు భోజనాలకి లోపలికి వెళ్లారు. గేటు తీశారు. వచ్చినవాళ్లు బిలబిలా బయటికి పోయారు. నా పెట్టె నా ముందు పడేశారు. పానాలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటూ ఉంటే పక్కన నీడ పడింది. ఎలీషా.

"ఎందుకు ఒప్పుకున్నావు బావా?"

నాకు ఒళ్లు మండింది. "ఎందుకేంటి? వీరమ్మ మొహం చూసి. ఆ డబ్బా మీ ఇంట్లోదేగా?"

"కాదు బావా. మా డబ్బా చూరుకి వేలాడుతూనే ఉంది. పొద్దున వచ్చేటప్పుడు కూడా చూశాను."

చేతిలో పానా జారి కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు. "మరి నువ్వు పోయలేదా?"

తల అడ్డంగా ఊపాడు.

"పోయనివాడివి నోరెందుకు విప్పలేదురా? గంటసేపు నిలబడ్డావుగా! సాయిబుగారు అడిగారు, చెంచయ్య అడిగాడు, నీ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. మెత్తని మనిషి కదా, ఆ నీళ్లకేం కొదవ లేదు. "నీ పేరు పడితే నా పేరు పడదన్నాడు బావా. రాత్రే చెంచయ్య పిలిపించి చెప్పాడు. నోరు విప్పితే సుభానీ కేసు నామీదే పెడతానన్నాడు. లైసెన్సు ఆయన బీరువాలోనే ఉంది. నీ పని తప్పని తేలదులే, నువ్వు ఎలాగూ బయటపడతావులే అనుకున్నాను. నువ్వే మీద వేసుకుంటావని నాకేం తెలుసు?"

"నీ మీద ఎందుకు పెడతాడు కేసు? నూనె నువ్వు పోయలేదంటివి."

ఎలీషా వెనక్కి తిరిగి చూశాడు. వరండాలో ఎవరూ లేరు. అయినా నోరు చేత్తో కప్పుకున్నాడు.

"మంగళవారంనుంచి బండి నా దగ్గర లేదు బావా. బుధవారం నిన్ను అడిగింది కూడా వాళ్లు అడగమంటేనే. గురువారం పొద్దున దాన్ని తోలింది కూడా నేను కాదు."

"మరెవడు?"

వాడి కళ్లు పైకి లేచాయి. ఇంటి మేడ మీద ఒక కిటికీ రెక్క అప్పుడే చప్పుడు లేకుండా మూసుకుంది. లోపలినుంచి చెంచయ్య గొంతు వినబడింది. "ఏరా ఎలీషా, అక్కడ మీ బావకి ఓదార్పు చెబుతున్నావా? ఇలా రా, నీ లైసెన్సు పట్టుకుపో."

ఎలీషా వెళ్లాడు. నడిచి కూడా కాదు, పరుగెత్తాడు.

నేను ఆ ఎండలో పెట్టె పట్టుకుని నిలబడ్డాను. గేటు బార్లా తీసే ఉంది, కాళ్లు మాత్రం కదల్లేదు. నల్లరేగడి, డొంక పక్క, ఏటా పత్తి పండే చేను. ఎకరం పద్దెనిమిది సెంట్లు.